నౌకరి పోయిన పిమ్మట: పెట్టుబడికి ముందు వేయవలసిన లెక్క

జహీరాబాదు చుట్టుపట్ల గ్రామములలో నౌకరికిని సేద్యమునకును నడుమ పెద్ద గోడ లేదు. ఒక్క ఇంటిలోనే అన్న చేను చూచుకొనును, తమ్ముడు కర్మాగారమునకు పోవును. తమ్ముని నెల జీతముతో అన్న విత్తనము కొనును. అన్న పండించిన జొన్నలు తమ్ముని బిడ్డలు తిందురు. కావున జీతము ఆగినదన్న వార్త వచ్చిన నాడు అది ఒక్కని కష్టముగా నిలువక ఇంటి సేద్యమునకే దెబ్బ యగుచున్నది. మేము పంటలు చూపుటకు గ్రామములకు పోయినపుడు సభ్యులు మొదట తెగుళ్ల సంగతి అడుగుదురు, పిదప ఎరువుల సంగతి అడుగుదురు; అందరును లేచిపోయిన పిమ్మట ఒకరిద్దరు గొంతు తగ్గించి, మా పిల్లవాని నౌకరి పోయినది, చేతికి కొంత సొమ్ము వచ్చును, దానితో ఏమి పెట్టించిన బాగుండునని అడుగుదురు. ఈ మాసము ఆ ప్రశ్ననే తీసికొనుచున్నాము.

ఈ ప్రాంతమున కర్మాగారముల రాకపోకలు కొత్తవి కావు. హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1942లో ఏర్పడినది. 1980ల దశకమున జపాను దేశపు నిస్సాన్ కంపెనీతో కూడి ఆల్విన్ వారు మన జహీరాబాదులో చిన్న లారీల కర్మాగారమును నెలకొల్పిరి. 1989లో అది మహీంద్రా వారి చేతికి పోయినది. 2013లో అదే పట్టణమున వారి ట్రాక్టర్ల కర్మాగారము తెరువబడినది. ఇచ్చట గేటు మీది పేరు మారినదే కాని గేటు మూతపడలేదు, అది అదృష్టమే. చక్కెర కథ వేరు. 1937లో స్థాపింపబడి, ఒకప్పుడు దేశమున గొప్ప పేరు గాంచిన నిజాం చక్కెర సంస్థ 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయినది. 2015 డిసెంబరులో దాని చేతనున్న బోధను, ముత్యంపేట, ముంబోజిపల్లి కర్మాగారములు మూడును ఒక్కసారిగా ఆగినవి. ముంబోజిపల్లి మన పాత మెదకు జిల్లాలోనిదే. లోపల పనిచేయువాడును, బయట చెరకు పండించువాడును ఒకే దినమున దిక్కు వెదకుకొనవలసి వచ్చినది. మన కొత్తూరు కర్మాగారము గానుగ ఆడని సీజనులలో చెరకు బండ్లు సంగారెడ్డి వైపునకును, కర్ణాటక వైపునకును తోలవలసి వచ్చిన సంగతి సభ్యులు మరువలేదు. ఇక 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ విధించినపుడు పటాన్‌చెరు నుండి, హైదరాబాదు నుండి బొంబాయి రహదారి వెంట ఇండ్లకు తిరిగి వచ్చినవారిని అందరమును చూచితిమి. వారిలో కొందరు మరల పోయినారు, కొందరు ఇచ్చటనే నిలిచినారు.

నిలిచినవారిలో నిలదొక్కుకొన్నవారు ఎవరు, సొమ్ము పోగొట్టుకొన్నవారు ఎవరని ఆలోచించినపుడు మాకు ఒక్క సంగతి స్పష్టముగా తోచుచున్నది. జీతము నెలనెల వచ్చునది. కొత్త వృత్తి ఏదైనను నెలనెల ఇచ్చుటకు కొంత కాలము పట్టును. ఈ నడుమ కాలమును లెక్కలో వేసికొన్నవాడు నిలిచినాడు. లాభము మాత్రము లెక్క వేసి, ఈ నెలలను మరచినవాడు మంచి పనినే ఎన్నుకొన్నను చెడినాడు.

మొదట చేతికి రావలసిన సొమ్ము ఎంతయో తెలిసికొనవలెను. చాలమందికి ఇది తెలియదు. కంపెనీ గుమాస్తా ఏ సంఖ్య చెప్పిన దానికే తల ఊపి వత్తురు. అయిదు సంవత్సరములు తెగకుండ పనిచేసినవానికి గ్రాట్యుటీ కలదు. కడపటి నెల మూలవేతనము, కరువు భత్యము కలిపి, దానిని 15చే హెచ్చించి 26చే భాగించి, వచ్చినదానిని సేవా సంవత్సరములచే హెచ్చింపవలెను. అక్కరలేదని తొలగింపబడిన కార్మికునికి, ఏడాది సేవ నిండియున్నచో, ఏడాదికి 15 దినముల వేతనము పరిహారముగా, నెల దినముల నోటీసు లేక ఆ నెల జీతము రావలెను. ఇది 1947 నాటి చట్టములోని లెక్క. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త కార్మిక స్మృతియు ఈ 15 దినములను నిలిపినది. నిర్ణీత కాలపు ఒప్పందము మీద పనిచేసినవారికి గ్రాట్యుటీ అయిదేండ్లు ఆగనక్కరలేకుండ ఏడాదికే వచ్చునట్లు కొత్త స్మృతులలో కలదు. కాంట్రాక్టరు క్రింద పనిచేసినవారు తమ ప్రావిడెంటు ఫండు సంఖ్యను, జీతపు చీటీలను మొదటి దినమే దాచుకొనవలెను. గేటు దాటిన పిమ్మట అవి దొరకుట కష్టము.

ప్రావిడెంటు ఫండు విషయమున తొందర పనికిరాదు. దానిని తీయు నియమములు 2025లో మారినవి గనుక దరఖాస్తుకు ముందు కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను. ముఖ్యముగా పదేండ్ల సేవ నిండినవారికే ఫించను హక్కు కలదు. ఎనిమిదేండ్లు చేసినవాడు ఫించను భాగమును కూడ ఊడ్చి తీసికొన్నచో ఆ ఎనిమిదేండ్లును పోయినట్లే. రేపు మరొక కర్మాగారమున రెండేండ్లు దొరకినను అతికించుకొనుటకు ఏమియు మిగులదు.

ఒక ఉదాహరణము చూతము. పన్నెండేండ్లు పనిచేసినవాడు, కడపటి వేతనము 18,000 రూపాయలు. గ్రాట్యుటీ 1,24,615 రూపాయలు. పరిహారము సుమారు 1,08,000. నోటీసు జీతము 18,000. మొత్తము రెండున్నర లక్షలు. ఈ రెండున్నర లక్షల మాట ఊరిలో పొక్కగానే బోరు యంత్రమువాడు వచ్చును, మోటారు సైకిలువాడు వచ్చును, చుట్టములు వత్తురు. కాని ఆ ఇంటికి నెలకు 12,000 ఖర్చున్నదనుకొనుడు. కొత్త పని తన కూడు తాను పెట్టుటకు ఎనిమిది నెలలు పట్టుననుకొన్నను 96,000 రూపాయలు తిండికే ఉంచవలెను. హెచ్చు వడ్డీ చేబదుళ్లు 40,000 ఉన్నవనుకొందము. అవి ముందు తీర్చవలెను, ఏలనగా నూటికి మూడు రూపాయల నెల వడ్డీని మించి లాభమిచ్చు చిన్న వ్యాపారమును మేము చూడలేదు. మిగిలినది సుమారు 1,14,000. ఇతని పెట్టుబడి ఇది మాత్రమే. రెండున్నర లక్షల మనుష్యునివలె ఆలోచించి లక్ష రూపాయల పని పెట్టుటవలననే పని నడుమ ఆగిపోవుచున్నది.

బోరు సంగతి ఎత్తితిమి గనుక చెప్పుచున్నాము. మన మెట్ట గ్రామములలో నౌకరి సొమ్ము దుకాణములలో పోయినదానికంటె భూమి లోపలికి పోయినది ఎక్కువని మా నమ్మకము. మొదటి బోరు ఎండిన, రెండవది వేయుదురు. రెండవది ఎండిన, పోయినదానిని రాబట్టుటకు మూడవది వేయుదురు. నీరు పడునో పడదో తెలియని దానికి ఇంటి తిండి సొమ్మును తాకరాదు. ఉన్న బావికి పూడిక తీయించుట, చేనికి గట్లు వేయించుట మొదటి ఏడాదికి చాలును.

ఇక ఏ పని పెట్టవలెను? అల్లము అని చెప్పువారు మన వైపు ఎక్కువ. జహీరాబాదు, కోహీరు, మొగుడంపల్లి ప్రాంతములలో అల్లము, ఆలుగడ్డ, చెరకు చేసినవారు కలరు. ఒక్క పంటతో ఇల్లు కట్టినవారును కలరు. వారిని అందరును చూతురు. ఆ ధర చూచి మరుసటి ఏడు వేసి, త్రవ్వునాటికి ధర పడి, కూలికి సైతము చాలనివారు ఎవరికిని కనబడరు. అల్లమునకు ఎకరమునకు ఆరు ఎనిమిది క్వింటాళ్ల విత్తనము కావలెను. పంట చేతికి ఎనిమిది తొమ్మిది నెలలు. ఒక్క వాన నీరు మడిలో నిలిచిన దుంపకుళ్లు పట్టును. ఇది చేయి తిరిగిన రైతు పంట. పన్నెండేండ్లు గడియారము చూచి పనిచేసినవాడు మొదటి ఏడాది దీనిని పట్టుట, ఈత రానివాడు నిండు వాగులో దిగుటయే. మూడవ ఏట, పది గుంటలలో మొదలుపెట్టిన మేము అడ్డు చెప్పము.

మాకు ఆశ్చర్యము కలిగించు సంగతి మరొకటి కలదు. నౌకరి పోయినవాడు తనకు వచ్చిన పనిని మొదట మరచిపోవును. వెల్డింగు తెలిసినవాడు కోళ్లఫారము అనును. మోటార్లు చుట్టుట నేర్చినవాడు కిరాణా దుకాణము అనును. ఊరిలోనేమో నూర్పిడి యంత్రము పాడైన కోత దినములలో రెండు దినములు ఆగి పట్టణమునకు మోయవలసి వచ్చుచున్నది. ట్రాక్టర్లు, గొర్రు, నాగళ్లు, మందు చల్లు పంపులు, బావి మోటార్లు: ఇవి నిండిన గ్రామములలో చేతిపని తెలిసినవానికి పని కొరత లేదు. ఒక రేకుల కొట్టము, వెల్డింగు యంత్రము, కొన్ని పనిముట్లు ఉన్న చాలును. అప్పు పెట్టుటలో మాత్రము జాగ్రత్త వలయును. రైతు పంట మీద ఇచ్చెదనన్న సొమ్ము పంట మీదనే వచ్చును, కొన్నిసార్లు దాని మీదను రాదు. సామానుకు సొమ్ము ముందు, కూలికి మాత్రము గడువు: ఈ కట్టు మొదటి దినముననే చెప్పిన ఎవరును తప్పు పట్టరు.

సహకార సంఘ సభ్యులకు రాచ్‌డేల్ పేరు కొత్త కాదు. అయినను మన ప్రశ్నకు ఆ కథలో పనికివచ్చు భాగము సాధారణముగా చెప్పబడదు. ఇంగ్లండులో మగ్గపు పనివారు కూలి హెచ్చించుమని సమ్మె చేసి ఓడిపోయిరి, ఇండ్లలో కరువు. అట్టి దినములలో 28 మంది కూడి వారము వారము పెన్నీలు పోగుచేసి, తలకొక పౌను చొప్పున 28 పౌనులు కాగానే 1844 డిసెంబరు 21న ఒక చిన్న అంగడి తెరచిరి. పెట్టిన సరుకులు పిండి, వెన్న, చక్కెర, ఓటు పిండి వంటి కొలదివి మాత్రమే. మొదట వారమునకు రెండు సాయంకాలములే తెరచిరి, ఏలనగా పగటి కూలిని ఎవరును మానుకొనలేదు. అరువు ఇయ్యలేదు. ప్రపంచమంతట వ్యాపించిన ఉద్యమమునకు మొదలు ఇది. పెద్ద దుకాణము, నిండిన బీరువాలు, రంగు బోర్డు కావలెననువారు ఆ రెండు సాయంకాలములను తలంచవలెను. చేతిలోని కూలిని వదలక, ప్రక్కన కొత్త పనిని పరీక్షించిరి.

అంత దూరము పోనక్కరలేదు. మన పస్తాపూరులోనే చూడవచ్చును. దూరదర్శనమున కార్యక్రమములు తీసిన పి. వి. సతీశ్ గారును (వీరు 2023లో కాలధర్మము నొందిరి), వారి మిత్రులును 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించి, గ్రామములలో స్త్రీల సంఘములను ఏర్పరచిరి. ఆ సంఘములలోని వారు చాలవరకు దళిత స్త్రీలు. కూలి దొరకిన దినము తిండి, దొరకని దినము పస్తు. కొందరికి ప్రభుత్వమిచ్చిన ఎకరము రెండెకరముల భూమి ఉన్నను అది రాళ్లతో బీడుగా పడియుండెను. 1990ల నడుమ కేంద్ర ప్రభుత్వ సాయముతో ముప్పది పైచిలుకు గ్రామములలో, రెండున్నర వేల ఎకరములకు పైగా ఇట్టి భూములను సాగులోనికి తెచ్చిరి. దున్నుటకు, ఎరువుకు, విత్తనమునకు అప్పు ఇచ్చిరి. దానిని రూకలలో కాక కొన్ని సంవత్సరముల మీద జొన్నల రూపమున తీర్చుకొనిరి. ఆ జొన్నలను ఊరిలోనే నిలువ చేసి, కూలి దొరకని నెలలలో పేద ఇండ్లకు తక్కువ ధరకు ఇచ్చిరి. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివారే కూర్చుండి నిర్ణయించిరి. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

మేము ఈ సంగతి చెప్పుట బహుమతి కొరకు కాదు. ఆ స్త్రీల చేలలో ఒక యుక్తి కలదు. అది నౌకరి పోయినవానికి నేరుగా పనికివచ్చును. వారు ఒక్క చేనిలో పది పదిహేను, కొన్ని యెడల ఇరువది రకములు కలిపి విత్తుదురు. తొలకరికి విత్తిన పెసర డెబ్బది దినములకు వచ్చును. కొర్ర తొంబది దినములకు. జొన్న నాలుగు నెలలకు. కంది ఆరవ నెలకు. నడుమ పుంటికూర వంటి ఆకుకూరలు వచ్చుచునే యుండును. వాన ఒక నెల తప్పిన ఒకటి పోవును, మరొకటి నిలుచును. జీతమునకు అలవాటుపడిన ఇంటికి, నెలనెల ఏదో ఒకటి లోపలికి వచ్చు సేద్యము ఇదియే. ఏడాదికొక్కసారి సొమ్మిచ్చు చెరకును మొదటి ఏడాదియే నమ్ముటకును, దీనికిని గల భేదమును సభ్యులు తామే లెక్కించుకొనవచ్చును. గింజ అమ్ముడుపోకున్నను ఇంటిలో తినవచ్చును. చెరకును తిని బ్రతుకలేము గదా!

పాడి చేయదలచినవారికి ఒక మాట. గేదె ఈనిన పిమ్మట సుమారు పది నెలలు పాలిచ్చి, రెండు మూడు నెలలు వట్టిపోవును. రెండు గేదెలను ఒకే దినమున కొన్నచో రెండును ఒకే కాలమున వట్టిపోవును. ఆ నెలలలో మేపు ఖర్చే కాని పాల సొమ్ము ఉండదు. ఒకటి ఇప్పుడు, మరొకటి ఆరు నెలలకు కొనవలెను. మొదటి గేదె వచ్చుటకు ముందు జొన్న చొప్ప ఇంటి వెనుక ఉండవలెను. కొని తెచ్చిన మేపుతో పాడి చేసినచో లాభమెల్ల చొప్ప అమ్మినవానిదే యగును.

2023వ సంవత్సరము అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా పాటింపబడిన నాటి నుండి కొర్ర బియ్యము మరపట్టు యంత్రములమీద చాలమందికి మనసు పోయినది. మంచిదే. కాని నూరు కిలోల కొర్రలకు సుమారు అరువది అరువదియైదు కిలోల బియ్యమే వచ్చును. మిగిలిన పొట్టునకు ధర లేదు. యంత్రము ఏడాది పొడుగున ఆడవలెనన్న ముందు గింజ నిలువ కావలెను, గింజకు సొమ్ము కావలెను; యంత్రపు ధరను చూచి ఈ సొమ్మును మరతురు. 2020లో కేంద్రము ఆరంభించిన చిన్న ఆహార పరిశ్రమల పథకమున వ్యయములో నూటికి 35 వంతులు, పది లక్షలకు మించకుండ, రాయితీగా ఏర్పరచిరి. ఇట్టి పథకముల గడువులు మారుచుండును గనుక జిల్లా కార్యాలయమున విచారించి అడుగు వేయవలెను. రాయితీ బ్యాంకు అప్పును అంటిపెట్టుకొని వచ్చునది. వచ్చుటకు ఆలస్యమును కావచ్చును. రాయితీ లేకున్న నిలువని పని, రాయితీ ఉన్నను నిలువదు. ఒక్కడు కొనుటకంటె పదిమంది పండించువారు కూడి ఒక యంత్రము పెట్టుటయే మా సలహా. అప్పుడు గింజ వెదకనక్కరలేదు.

మన సంఘము పక్షమునను కొంత చెప్పవలసియున్నది. పంట అప్పు తీసికొని దుకాణములో పెట్టువారు కొందరు కలరు. పంట అప్పు పంట నాటికి తీరవలెను. దుకాణము పంట నాటికి ఫలింపదు. గడువు దాటిన వడ్డీ రాయితీ పోవును, మరుసటి ఏడు విత్తనమునకు అప్పు పుట్టదు. అన్న చేను కూడ బీడు పడును. కొత్త పనికి అప్పు కావలెనన్న ఆ పేరనే అడుగవలెను. పాలకవర్గమువారును మొత్తమును ఒక్కసారి చేతిలో పోయక, కొట్టము లేచిన పిమ్మట కొంత, పని ఆరంభమైన పిమ్మట కొంత ఇచ్చుట ఇరుపక్షములకును మేలు.

ఇంతకంటె నాజూకైన సంగతి ఇంటి ఇల్లాలి అప్పు. బ్యాంకు ఇయ్యనపుడు పొదుపు సంఘమునుండి భార్య పేర అప్పు తెప్పించి భర్త వ్యాపారము పెట్టుట ఇప్పుడు వాడుక అయినది. ఆ వ్యాపారము కుంటుపడిన, ప్రతి వారము సంఘములో పదిమంది ఎదుట తల వంచుకొని కూర్చుండునది ఆమె. తోటివారు తమ పొదుపునుండి ఆమె వాయిదా కట్టవలసివచ్చును. మేము చూచిన ఒక గ్రామమున భర్త అప్పువలన భార్య సంఘమునకే పోవుట మానినది. ఇరువది యేండ్ల స్నేహములు పోయినవి. కావున ఆమె పేర అప్పు పుట్టవలెనన్న, పని ఏదో, లెక్క ఎట్టిదో ఆమెకు మొదట తెలియవలెను. వద్దనుటకు ఆమెకు హక్కుండవలెను. ఇంటి ఖర్చు నెలకెంతయో సరిగా చెప్పగలిగినది సాధారణముగా ఆమెయే. 12,000 అని భర్త వ్రాసిన చోట ఆమె 15,000 అని దిద్దుట మేము పలుమారులు చూచితిమి. ఆ మూడు వేలు ఎనిమిది నెలలకు 24,000 అగును. ఒక గేదెను కొనగలమా లేదా అన్నది అచ్చటనే తేలును.

జీతము ఏ నెలలో ఆగినదన్నదియు చూచుకొనవలెను. వేసవిలో ఆగినవానికి తొలకరి ముందున్నది. కలుపు పంటల విత్తనము ఇరుగుపొరుగుల యొద్ద బదులు దొరకును. శ్రావణ భాద్రపదములలో వచ్చినవాడు నల్లరేగడి ఉన్నచో యాసంగి జొన్నకు సిద్ధపడవచ్చును; సెప్టెంబరు నడుమనుండి అక్టోబరు నడుమ వరకు విత్తిన, మంచు తేమతోనే పండును, ఇంటికి గింజయు పశువునకు చొప్పయు వచ్చును. చలికాలము నడుమ వచ్చినవానికి విత్తుటకు అదను లేదు. అతడు ఆ నాలుగు నెలలును తన చేతిపనితో కూలి చేసికొనుచు, సొమ్మును కదలనీయక, చేనిని చదును చేసికొనుట మేలు.

ఈ లెక్క వేసికొనదలచినవారు మేము తమ గ్రామమునకు వచ్చిన దినమున అడుగవచ్చును. కడపటి మూడు నెలల జీతపు చీటీలు, ప్రావిడెంటు ఫండు సంఖ్య, భూమి పాసు పుస్తకము, ఉన్న అప్పుల చీటీలు అన్నియు వెంట తెచ్చుకొనవలెను. ఇల్లాలు కూడ వచ్చినచో పని ఒక్క పూటలో ముగియును.